సాక్ష్యం గేటు దగ్గరుంది

అధ్యక్షా, నా పేరు నమాసికు.
రాత్రిపూట పుట్టానని మా లోజీ వాళ్లు పెట్టిన పేరు.
ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎముకల గది తాళంచెవి
ఇరవై ఆరేళ్లుగా నా కొంగుకే ఉంది.
నేను డాక్టర్ని కాను.
డాక్టరు కాబోయే చేతుల్లో
మొదటి ఎముకను పెట్టేదాన్ని.

మీకు చూపిద్దామని ఓ తొడ ఎముక తెచ్చాను
చితెంగే గుడ్డలో చుట్టి.
గేటు దగ్గర యంత్రం కూతపెట్టింది.
తెరమీద చూసిన కాపలావాడు కుర్చీలోంచి లేచిపోయాడు.
ఎముకను ఆపేసి ఈ ఇత్తడి బిళ్ల ఇచ్చాడు, పద్నాలుగో నంబరు.
కాబట్టి అధ్యక్షా, నా సాక్ష్యం గేటు దగ్గరుంది.
నోటిమాటనే లోపలికి రానిచ్చారు.

ఇందాక మా డీన్ గారు అంకెలు చదివారు.
మీలో ఇద్దరు రాసుకున్నారు, ఒకాయన ఆవులించాడు.
తప్పుపట్టను. అంకెలకి వాసనుండదు.
మా గదికి ఉంటుంది,
ఫార్మలిన్ నిండుకుని ఇది మూడో నెల.

నూట పన్నెండు మంది పిల్లలకి ఒక్కటే అస్థిపంజరం.
దానికి ఎడమచెయ్యి లేదు.
మణికట్టులోని ఎనిమిది చిన్నెముకల్నీ
బల్లమీద సుద్దతో నేనే గీస్తాను.
పరీక్షనాడు నేనే తుడిచేస్తాను.
సూక్ష్మదర్శినుల బల్బులు మాడిపోయాయి,
అద్దాన్ని కిటికీవైపు తిప్పి ఎండని పట్టుకుంటారు.
మబ్బేసిన రోజు
క్షయ క్రిమికి సెలవు.

మీరు ఇవ్వలేదని అనను.
ఏటా ఇస్తారు, బడ్జెట్ పుస్తకంలో.
మంజూరయ్యిందంటారు, విడుదల కాలేదంటారు.
ఈ రెండు మాటల మధ్య
మా పిల్లలు ముసలాళ్లవుతున్నారు.
జాంబెజీ వరద మా మైదానానికి చెప్పకుండా వస్తుంది.
మీ డబ్బు చెప్పి రాదు.

పోయిన వానాకాలం
అర్ధరాత్రి కలాబో నుంచి ఫోను.
లికాండో. నా సుద్దచెయ్యి చూసి చదువుకున్నవాడు.
ఎదురుగా జాలరి, పడవ బోల్తాపడి విరిగిన మణికట్టు.
"అమ్మా, బొటనవేలి కింద పడవలాంటి ఎముక,
దాని పక్కనున్నది ఏది?"
పొయ్యి పక్కన నేలమీద బొగ్గుతో గీసుకుని చెప్పాను:
పడవ, పడవ పక్కన నెలవంక.
ఆ జాలరి ఇప్పుడు తెడ్డు వేస్తున్నాడు.
కానీ అధ్యక్షా, నాకు అరవై నిండుతున్నాయి,
అన్ని రాత్రులూ నేను ఫోనెత్తలేను.

ఎర్రదీపం వెలిగింది.
పరిశీలిస్తామన్నారు.
నీళ్ల సీసా మూత బిగించి తరవాతి పేరు పిలిచారు.

గేటు దగ్గర కాపలావాడు గుడ్డ విప్పి కూచున్నాడు.
సందర్శకుల రిజిస్టరుపైన ఎముక.
"ఇది కుడికాలిదా, ఎడమదా?"
పొద్దుట్నుంచీ నన్నెవరూ ఒక్క ప్రశ్నైనా అడగలేదు.
నిలబడమన్నాను. నీ తొడకి ఆనించు.
గుండ్రటి తల పైకి, లోపలివైపుకి.
గరుకు గీత వెనక్కి.
ఎడమ తొడ దగ్గర పెట్టి చూశాడు, కుదర్లేదు.
కుడివైపుకి మార్చాడు.
వెనకాల ఏదో సభ్యుడి కారు హారన్ కొట్టింది.
ఆగమన్నట్టు చెయ్యెత్తి,
ఇంకోసారి గరుకు గీతని వేలితో తడిమి
"కుడి" అన్నాడు, పాసైనవాడిలా.

బిళ్ల తిరిగి అడగడం మరిచిపోయాడు.
నేనూ ఇవ్వలేదు,
మళ్లీ రావాలిగా.