పైకి పోయే కాయితం

సోమవారం సోమవారం
ఉమ్ సదఫ్ బలదియాల మీటింగు.
పదకొండు మంది మెంబర్లు, పదకొండు గ్లాసులు.
అబూ జాసింకు చక్కెర వద్దు,
చివరి కుర్చీ ముసలాయనకు చిటికెడు కుంకుమపువ్వు.
తలుపు తోసుకొని పోవుడు, వచ్చుడు.
పన్నెండేండ్లల్ల నాకు అరబ్బీ వచ్చిన సంగతి
వాళ్లకు ఎవ్వలూ చెప్పలేదు.

ఇయ్యాల మాట మా గురించే.
పాత గల్లీలల్ల, ముత్యాల సేట్లు కట్టిన ఇండ్లల్ల
బ్యాచిలర్లు ఎక్కువైనరట.
ఒక్క అర్రల తొమ్మిది మందట.
(మేం పదకొండు మందిమి. వాళ్ల లెక్క తప్పు.)
దాబాల మీద ఆరేసిన లుంగీలు,
తెల్లారగట్ల నాలుగింటికే కంపెనీ బస్సు హారన్లు,
ఆడపిల్లలు బడికి పోయే తొవ్వ.
ఆ ఆఖరి మాట కాడ తల దించుకున్న.
నాకూ బిడ్డ ఉన్నది, ఎనిమిదో తరగతి.
తొవ్వల గుంపుగ నిలబడేటోల్లంటే
నాకూ భయమే.

మా అర్రల బ్యాచిలర్లు ఎవలంటే
ముత్తెన్న, ముగ్గురు మనుమల తాత.
రఫీకుల్, నిరుడు నిఖా అయింది, ఫోన్లనే సంసారం.
లింబాద్రి అనే నేను,
పెండ్లిపత్రిక ఇంకా పెట్టె అడుగున ఉన్నది.
పెండ్లాం ఇక్కడ లేనోడు బ్యాచిలరే అని
ఒక చట్టంల ఉన్నదట.
ఇంత జీతం లేనోడు పెండ్లాన్ని తెచ్చుకోరాదని
ఇంకో చట్టంల ఉన్నదట.
ఆ రెండు చట్టాలు ఎన్నడన్న
ఒక్క తాన కూసొని చాయ్ తాగినయో లేదో.

"ఖాళీ చేయిద్దాం" అన్నడు ఒకాయన.
వకీలు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.
"మన చేతుల లేదు.
మనం చెత్తబండి తోలొచ్చు, చెట్లు పెట్టొచ్చు,
దుకాణం బోర్డు కొలవొచ్చు.
ఎవలు ఏ ఇంట్ల ఉండాల్నో చెప్పాలంటే
చట్టం మారాలె. పైకి రాయాలె.
వజీరు ఒప్పుకుంటే మజ్లిస్‌కు,
అక్కడికెల్లి ఇంకా పైకి."
పైకి అన్నప్పుడల్లా
అందరూ సీలింగు దిక్కు చూసిండ్రు.
అక్కడ ఏసీ నీళ్లు కారిన మరక తప్ప ఏం లేదు.

అబూ జాసిం గ్లాసు కింద పెట్టిండు.
"పోయినేడు రాసిన కాయితమే ఇంకా రాలేదు.
అడుగుతే, బుక్రా అంటున్నరు."

బుక్రా!
నా చేతిల ట్రే జర వంగింది.
రిలీజు కాయితం కోసం మూడేండ్లు,
అక్క పోయినప్పుడు పాస్‌పోర్టు కోసం తొమ్మిది దినాలు,
చేతులు కట్టుకొని తలుపు కాడ విన్న మాట.
పెద్దోల్లు మాకు చెప్పే మాట అనుకున్న గని
పెద్దోల్లకు గూడ ఎవలో చెప్తరని అనుకోలే.
ఈ ఊరికి సముద్రం ఉన్నది,
రేవుల పడవలున్నయి, గడియారం స్తంభమున్నది.
అయినా దీనికీ ఒక కఫీల్ ఉన్నడు.
దీని పాస్‌పోర్టూ ఎవని సొరుగులనో ఉన్నది.

ఎర్కలేని జాలి పుట్టింది.
ఆయన గ్లాసుల అడగకున్నా ఇంత చాయ్ పోసిన.

మీటింగు అయినంక సెక్రటరీ హెస్సా
దరఖాస్తు నా చేతిల పెట్టి, ఏడు కాపీలన్నది.
మిషన్ల నుంచి కాయితాలు
అప్పుడే కాలిన రొట్టెల లెక్క వెచ్చగ వచ్చినయి.
మూడో వరుసల మా పేరున్నది.
పేర్లు కాదు, అందరికీ కలిపి ఒక్క పేరు.
ఒక కాపీ వంకర వచ్చింది.
చించి పారేసి
మళ్లా సక్కగ తీసిన. నౌకరీ నౌకరే.

రాత్రి అర్రల చెప్పిన.
"ఎప్పుడు తీసేస్తరట?" అన్నడు ముత్తెన్న.
"బుక్రా" అన్న.
రఫీకుల్ చేతిల రొట్టె కింద పడేదాకా నవ్విండు.
అందరం నవ్వినం.
నవ్వుడు ఆగినంక
ఎవ్వలూ ఏం అనకముందే ముత్తెన్న లేచిండు,
దాబా మీదికి పోయి
తీగ మీది లుంగీలన్నీ లోపలికి తెచ్చిండు.
ఇంకా పచ్చిగనే ఉన్నయి.