కొమ్ము గీరిన వాసన

దండాసి గారు మొదటిసారి విమానం ఎక్కబోతున్నారు.
విశాఖ నుంచి ఢిల్లీ, హస్తకళల మేళాకి.
పెట్టెలో కొమ్ము కొంగలు పదకొండు, రొయ్యలు నాలుగు.
ఒక్కో రొయ్య మీసానికి ఒక్కో పూట పట్టిందట.

టికెట్ నేనే తీశాను,
పర్లాకిమిడి పెద్ద బజారు చివర నా జెరాక్సు కొట్లో.
ఆయనకి మెయిల్ లేదు కనక నాదే ఇచ్చాను.

ప్రయాణం ఇంకో రెండ్రోజులుందనగా ఉత్తరం దిగింది:
మీ విమానం రద్దయింది,
ఇరవై నిమిషాల్లో ఈ నంబరుకి ఫోను చేస్తే డబ్బు వాపసు,
చెయ్యకపోతే గోవిందా.
పైన రంగుల గుర్తు, కింద క్షమాపణ.
విమానాల వాళ్ళకి ఇంత వినయమా అనుకున్నాను,
అనుకుంటూనే ఫోను కలిపాను.

అవతల గొంతు హిందీలో తేనె.
మధ్యలో ఒకసారి "ఆజ్ఞా" అని ఒడియాలోనూ పలికింది,
మా ఊరు పసిగట్టినట్టు.
ఒక చిన్న యాప్ దించుకోండి మేడమ్,
మీ తెర మాకు కనపడితే చాలు,
మిగతాది మేం చూసుకుంటాం.

మిగతాది.

నిరుడూ ఇదే మాట.
తారిణి వాళ్ళ నాన్న సూరత్ టికెట్‌కి తేదీ మార్చాలంటే
వెతగ్గానే పైకొచ్చిన నంబరు
నేనే, ఈ నోటితోనే, అంకె అంకె చదివి రాయించాను.
పద్దెనిమిది వేలు.
మిల్లులో మూడు నెలల మిగులు.
ఆయన నన్ను ఒక్క మాట అనలేదు.
ఇప్పటికీ నా కొట్టు ముందు
సైకిలు గంట కొట్టకుండా వెళ్తాడు.

దండాసి గారు బల్ల మీద వేలితో తట్టారు.
"ఒగ్గీ, సుజ్ఞానీ, ఫోనొగ్గీ.
నాకు సదువు రాదు గానీ
కొమ్మని సెప్పి పలాస్టిక్కు అంటగట్టీవోళ్ళని
నలభయ్యేళ్ళ నుంచి సూత్తన్నాను.
మెరుపు సూడకూడదు. గీరాల.
ఆ పొట్టు నిప్పుకి సూపితే
కొమ్మయితే ఎంటిక కాలిన కంపు.
పలాస్టిక్కయితే దాని కంపు దానిది.
దీన్నెక్కడ గీరాలో సెప్పు."

ఎక్కడ గీరాలి?
పంపినవాడి పేరు మీద వేలు పెట్టాను.
కింద అసలు చిరునామా విప్పుకుంది.
ముందు కంపెనీ పేరే, నడుమ ఒక అక్షరం ఎక్కువ,
తోక ఎవరిదో.
ఉత్తరంలోని లంకె ముట్టుకోకుండా
టికెట్ కాగితం మీదున్న సైటు పేరు నా చేత్తో కొట్టి చూశాను.
విమానం ఉంది.
పొద్దున్న తొమ్మిదీ పదికి,
దాని పాటికి అది ఉంది.

ఫోనులో ఇంకా కారుతోంది తేనె.
యాప్ దిగిందా మేడమ్? మేడమ్, టైమ్ అయిపోతోంది.
"ఎవరికి?" అన్నాను.
వాడే పెట్టేశాడు.

దండాసి గారు జేబులోంచి చిటికెడు పొట్టు తీసి,
నేను వద్దంటున్నా, అగ్గిపుల్ల గీశారు.
జెరాక్సుకొచ్చిన కాలేజీ పిల్లలు ముక్కులు మూసుకుని
బయటికి పరిగెత్తారు.

సాయంత్రం షట్టరు దించి
మహేంద్రతనయ ఒడ్డునే తారిణి వాళ్ళ ఇంటికి నడిచాను.
దారిలో ఫోను కంపించింది:
ఆంధ్రప్రదేశ్‌కి స్వాగతం.
నది దాటందే స్వాగతమేమిటని
దాన్నీ రెండుసార్లు చూశాను.

గుమ్మంలో సైకిలు ఉంది.
ఏం చెప్పాలో ఇంకా కుదరలేదు.
పమిటలో మాత్రం
వెంట్రుక కాలిన కంపు.