నీటిగీత కింద

మెల్లగా, అంది ఫిజియో హైమావతి.
ఇంకా మెల్లగా.
పరిగెడుతూ మాట తడబడకుండా మాట్లాడగలిగినంత మెల్లగా.

మాట్లాడ్డానికి ఎవరున్నారు,
ఏప్రిల్ ఉక్కలో, పొద్దున్న అయిదింటికి
బళ్ళు రాకుండా అడ్డం పెట్టిన బీచ్ రోడ్డులో?
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ ఇంకా దీపం తిప్పుతోంది.
అందుకని ఎక్కాలు చెప్పుకుంటాను, పైకే.
నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక,
పరుగంతా పదమూడో ఎక్కం.
పదమూడు ఏడులు తొంభై ఒకటి దగ్గర
ఊపిరి తెగితే వేగం తగ్గించాలి.
ఆ ఎక్కం నాకు బళ్ళోనూ రాలేదు.
తప్పు ఊపిరిదో నాదో తేలక
రెండుసార్లు ఊరికే నడిచేశాను.

ఇరవై రెండేళ్ళుగా షిప్‌యార్డులో వెల్డర్ని.
వేసిన కుట్టుకి ఎక్స్‌రే తీస్తారు మా దగ్గర.
ఫిల్ము వెలుతురుకి పెట్టి
వెంట్రుకవాసి గీత కనపడితే చాలు,
ప్లేటు మీద సుద్దతో సున్నా చుడతాడు ఇన్‌స్పెక్టరు.
గ్రైండరు పట్టు, మొత్తం తవ్వు, మళ్ళీ మొదలెట్టు.

కేజీహెచ్‌లో ఆ రోజు వెలుతురులో వేలాడింది
నా ఎడమకాలి ఎముక.
డాక్టరు వేలు పెట్టకముందే చూశాను గీతని.
చెప్పొద్దూ, సిగ్గేసింది.
ఈ షిఫ్టు నాది కాదు సార్, అనబోయాను.

నాదే.
నలభై రెండు కిలోమీటర్లకి పేరిచ్చి
కైలాసగిరి ఎత్తుని వారానికి మూడుసార్లు,
నైట్ డ్యూటీ దిగి, నిద్ర ఎగ్గొట్టి,
చీలమండ పైన ఏదో పిలుస్తుంటే
చెవుల్లో పాట పెంచుకుని.
దళసరి ప్లేటుని వెచ్చబెట్టకుండా అతికితే పగులుతుందిరా అని
కుర్ర అప్రెంటిసులకి చెప్పేది నేనే.

అయిదు నెలలు.
షూల పెట్టెలో మా చిన్నది గవ్వలు దాచుకుంది.
మొన్న ఖాళీ చెయ్యమంటే
ఎదురు అద్దె అడిగింది.

జాలారిపేట దగ్గర
నెత్తిన చేపల గంపతో మైలపిల్లి పోలమ్మ
నన్ను దాటిపోయింది.
దాటి, మెడ తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి చూసి,
"ఏటి నాయనా, కాలు బాగోలేదేటి?"
"బాగవుతోందమ్మా. అందుకే ఇలా."
"మరి పరిగెడతన్నావేటి? నడిసెల్లు, తొరగా ఎల్తావు."

నవ్వొచ్చింది.
ఊపిరి తెగకుండానే వచ్చింది.
వాచీలో గుండె నూట ముప్పై రెండు,
హైమావతి గీసిన గీతకి కిందే.

సరుకు దించేసిన ఓడ ఒకటి
దూరంగా లంగరేసి, పైకి తేలి,
ఎర్ర అడుగు బయటపడి ఉంది
చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకున్న మనిషిలా.
మామూలుగా కనపడదు అది.

కట్టేటప్పుడు మాత్రం అడుగే ముందు.
నెలలకి నెలలు అడుగే.
చూడ్డానికొచ్చిన పెద్దమనుషులకి
అందులో ఓడ ఆనదు,
ఇనప కుడితితొట్టిలా ఉంటుంది.
దింపే రోజు కొబ్బరికాయ ముక్కుకి కొడతారు,
ఫోటో జెండాలకి తీస్తారు.
నా కుట్లు అప్పటికి నీళ్ళలో ఉంటాయి.
నేను అతికింది ఎక్కడుందని మా ఆవిడ అడిగితే
నీళ్ళకేసి చూపించాను.

ఇది తొమ్మిదో వారం.
రాత్రి పడుకునే ముందు
ఎముక మీద బొటనవేలు నొక్కి చూసుకుంటాను.
నొప్పి లేదు. లేదనుకుంటాను.
ఇంకోసారి నొక్కుతాను.
ఈ కుట్టుకి ఇన్‌స్పెక్టరు రాడు,
సుద్ద కూడా నా చేతిలోనే ఉంది.

డిసెంబరు సంగతి ఎవరైనా అడిగితే
ఏ డిసెంబరని అడుగుతున్నాను.

తూర్పున నీళ్ళు రంగు మారుతున్నాయి.
లాసన్స్ బే మలుపులో పోలమ్మ
గంప దించి, చెంగుతో మొహం తుడుచుకుని,
అప్పుడే ఎవరితోనో బేరంలో ఉంది.
నేనింకా
పదమూడు తొమ్మిదుల దగ్గరున్నాను.