రెండు రూపాయల పేజీ

సిరొంచ బస్టాండు ముంగట
నా జిరాక్స్ మిషను.
దానికి రెండు బాసలొచ్చు,
చదువుడొక్కటే రాదు.

పోసుబాయి వచ్చిందంటే
ముందుగాల ఎరువుల సంచి వాసన,
తర్వాత తిరుమలేశు కాయిదాలు.
గడ్చిరోలిల రక్తమెక్కించిన చీటీ, మరాఠీల.
మంచిర్యాలల తీసిన తుంటిబొక్క ఫోటో.
వరంగల్ల ఫిట్స్ డాక్టరు రాత,
అది ఏ బాసనో ఇప్పటిదాంక తెల్వలే.
పిలగానికి పద్నాలుగేండ్లు.
సంచి వానికన్నా బరువు.

అహేరిల నొప్పికని ఇచ్చిన గోలి చూసి
కరీంనగర్ల కిడ్నీ డాక్టరు
"ఎవడు రాసిండమ్మా ఇది?" అన్నడట.
ఎవడని చెప్తది?
ఆ పేరు మీద నల్లగీత పడ్డది.
నా మిషను గీసిందే.
అప్పుడు డ్రమ్ము మార్పియ్యలే నేను,
పైసలు లేక.

సోమవారం జాధవ్ మాస్తరు
ఒక ముసాయిదా తెచ్చిండు.
ఇరవై రెండు పేజీలు, ఐదు కాపీలు.
ఒక్క పానం మీద నాలుగైదు రోగాలు పడ్డోళ్లకు
చట్టం గావాలని
బొంబాయి దాంక పంపుతరట.
పిన్నులు కొట్టుకుంట చదివిన:
"ప్రతి రోగికి ఒక సమన్వయకర్త."

బల్ల మీద మోచేతులానించి
పోసుబాయి అడిగింది,
గదేం మాటనే?

ఒక డాక్టరు మాట ఇంకో డాక్టరుకు మోసేటోడు, అన్న.
ఏ గోలికి ఏ గోలి పడదో యాదికుంచుకునేటోడు.
నడిరాత్రి పిలగాడు మెలికలు తిరిగితే
ఏ దవాఖాన తలుపు కొట్టాల్నో
ఎవల్ని అడగకుంటనే ఎర్కున్నోడు.

జరసేపు ఏమనలే.
సంచి మూతి ముడేసింది, మళ్ల ఇప్పింది.
"జీతమెంత రాసిండ్లు?"

పేజీలు తిరగేసిన.
పదకొండోది లేదు.
మిషను మూత తీస్తే
రోలరుకు చుట్టుకోని ఉన్నది, మాడిన అట్టు లెక్క.
పక్క రాష్ట్రంల వైద్యం చేయించుకునేటోళ్ల సంగతి
అండ్లనే ఉండె.
గుంజితే సగం కాయిదం చేతికొచ్చింది.

"పారేస్తవా? నాకియ్యి" అన్నది.
పొద్దటి గోలీ, రాత్రి గోలీ
అండ్ల వేరువేరుగ పొట్లం గట్టి
రొండిల చెక్కుకున్నది.

ప్రాణహిత వంతెన దాటే బస్సు
హారను కొట్టింది.
తొమ్మిది పేజీలకు ఇరవై రూపాయలిచ్చి
ఉరికింది.

చిల్లర రెండు రూపాయలు
గల్లపెట్టె మీదనే ఉన్నయి.
ఆ బిళ్లను గల్లల ఎయ్యబుద్ధయితలేదు.