పీత పక్కకే నడవాలి

మధ్యాహ్నం పన్నెండుకి సైరన్ కూసింది.
ఆర్కేటా చౌరస్తాలో అప్పటిదాకా
పాత సైకిళ్లూ పైపులూ గుడ్డపీలికలుగా పడున్నవన్నీ
ఒక్కసారి లేచి కదిలాయి.
చక్రాల మీద ఇస్త్రీపెట్టె,
దాని వెనక ఆరుగురు తొక్కే టూత్‌బ్రష్షు,
ఆ వెనక, ఏమిటని ఎవరూ అడగని ఒక గులాబీరంగు గుట్ట.
ఇంజను లేదు. పెట్రోలు చుక్క లేదు.
పిక్కల్లో ఎంతుందో అంతే.

మా వీధివాళ్లది పీత.
థర్లో హాస్కెట్ రెండు చలికాలాలు కూర్చుని అతికాడు దాన్ని.
డిప్పకి మూతపడ్డ రంపపుమిల్లు రేకులు,
కాళ్లకి వానగొట్టాలు,
కళ్లకి రెండు సూపు గరిటెలు.
మిల్లులో పోయిన రెండు వేళ్ల సంగతి అడిగితే
"అవీ ఇందులోనే ఉన్నాయి ఎక్కడో" అంటాడు.

తొక్కేది నలుగురు.
రాత్రి డ్యూటీ దిగి కునుకైనా తీయకుండా వచ్చిన నర్సు యెసేనియా,
శనివారం సంతలో ఆకుకూరలమ్మే మై యెర్,
థర్లో,
అతనితో పదకొండేళ్లుగా మాటల్లేని తమ్ముడు వెండెల్.
సీట్లు చీటీలేసి పంచుకుంటే
అన్నదమ్ములకి పక్కపక్కవే వచ్చాయి.

యెసేనియా కొడుకు ఏబెల్‌కి ఏడేళ్లు.
రేకులకి రంగేసిన రోజు నుంచీ ఒకటే నస:
"పీత పక్కకి కదా నడవాలి?
ఇది తిన్నగా పోతుందేం?"
"పక్కకి పోతే పందెం పూర్తయినట్టే" అని
థర్లో విసుక్కునేవాడు.

నాకిచ్చిన పని చిన్నది.
ఇసకదిబ్బ కింద స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడాలి.
ఇక్కడ న్యాయనిర్ణేతలకి లంచం ఇవ్వొచ్చు, అది నియమమే.
నన్నూ వాళ్లలో ఒకణ్ణనుకుని ఒకావిడ, విగ్గు సర్దుకుంటూ,
చేతిలో వేడి గుమ్మడి రొట్టె ముక్క పెట్టింది.
తిన్నాను.
గడియారాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఇస్త్రీపెట్టె దిబ్బ ఎక్కింది.
టూత్‌బ్రష్షు ఎక్కి, దిగుతూ దిగుతూ కుచ్చులన్నీ రాల్చుకుంది.
పీత సగంలో ఆగింది.
ఆపసోపాలు పడుతూ తొక్కారు.
ఇసక చక్రాల్ని మింగి, ఇంకాస్త మింగి,
ఠంగుమని లోపలేదో వంగింది.
ఇరుసు.
కాసేపు సముద్రం ఒక్కటే మాట్లాడింది.

అప్పుడు వెండెల్, ఎటూ చూడకుండా,
"ఎడమది వదిలెయ్. కుడిదొక్కటే తొక్కు" అన్నాడు.
ఎవరితో అన్నాడో దిబ్బంతటికీ తెలుసు.
థర్లో తొక్కాడు.
పీత కదిలింది,
పక్కకి.
గరిటె కళ్లు ఊపుకుంటూ, వానగొట్టాలు ఈడ్చుకుంటూ,
దిబ్బకి అడ్డంగా, ఏటవాలుగా,
పసుపుపచ్చ పూల ఇసకతీగల్ని ఎలాగో తప్పించుకుంటూ.
జనం కేకలకి అవతల కొంగలు లేచాయి.
అన్నిటికంటే పైన ఏబెల్ గొంతు:
"నేను చెప్పలా!"

సాయంత్రం దాకా మరమ్మతు.
సుత్తి చప్పుళ్ల మధ్య వాడికి తోచక
నన్ను లాక్కుపోయాడు దిబ్బల వెనక్కి.
చిత్తడి నేల. పోటు తీసిన బురద మీద
పొడుగుముక్కు పిట్టలు, వందలు,
కుట్టుమిషను సూదుల్లా దిగుతూ లేస్తూ
ఎక్కడ చిరిగిందో తెలియని నేలని కుడుతున్నాయి.
పొగమంచు అవతలి ఒడ్డు చెట్లని
ముందు మొదళ్ల దగ్గర, తర్వాత నడుం దగ్గర చెరిపేసింది.
చిగుళ్లు కాసేపు గాల్లో నిలిచాయి.
ఉప్పుమొక్క కాడ విరిచి నాలిక మీద పెట్టుకున్నాం.
ఉప్పే.
వాడు ఇంకోటి విరిచాడు.

ఒక రాయి ఎత్తాం.
కింద బొటనవేలి గోరంత పీత, ముదురు ఊదా.
రెండు డెక్కలూ ఎత్తింది మా ఇద్దరి మీదికీ.
మనసు మార్చుకుంది.
పక్కకి జారి, బొరియలో సగం, తర్వాత మొత్తం.
ఏబెల్ నవ్వలేదు.
"మననే చూస్తూ ఇంటికెళ్లిపోయింది" అన్నాడు.
రాయిని మెల్లగా, ఎత్తిన చోటే పెట్టాం.

మూడోనాడు పీత ముగింపు గీత దాటింది, భుజం ముందుగా.
పదిహేడో స్థానమో పద్దెనిమిదో, నా కాగితం తడిసిపోయింది.
సరిగ్గా నడిమధ్యన వచ్చినవాళ్లకి ఒక బహుమతుంది;
అది ఒక్క అంకెలో తప్పిందట.

ఇరుసు ఎవరివల్ల వంగిందని అన్నదమ్ములు వాదించుకుంటున్నారు,
గట్టిగా, పదకొండేళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు,
ఒకరి ముఖం ఒకరు చూడకుండా.
యెసేనియా డిప్ప నీడలో నిద్రపోయింది.
మై యెర్ ఆమె బూట్లు మెల్లగా విప్పి
ఇసక వంపింది.
చాలానే ఉంది.