ఎడం పక్క

మొదట స్పీకర్లు మాట మానేశాయి.
విజీనారం కోట జంక్షన్‌లో బేరమాడి తెచ్చిన
రెండు నల్ల డబ్బాలు.
తట్టాను. ఊపాను. తీగలు పీకి
నోటితో ఊది మళ్లీ గుచ్చాను.
టార్చి పళ్ల మధ్య పెట్టుకుని
సీపీయూ వెనకాల దూరి,
ఆకుపచ్చ కన్నంలో ఆకుపచ్చ పిన్ను,
గులాబీ కన్నంలో ఏమీ వద్దు, అని
ఒకటో క్లాసు గుంటడిలా నాకు నేనే చెప్పుకున్నాను.
అక్కడ బల్లిగుడ్డు పెంకులు రెండు దొరికాయి,
ఎప్పుడు పోయిందో ఒక రూపాయి బిళ్ల దొరికింది.
శబ్దం దొరకలేదు.

సాయంత్రం తవిటేసు వచ్చాడు.
పాలిటెక్నిక్ రెండుసార్లు తప్పాడు గానీ చెయ్యి మంచిది.
తెర మూల బూర బొమ్మ మీద నొక్కి నవ్వాడు:
"మావా, సౌండంతా మానిటర్‌కి పోతంది.
దానికేటి, నోరే నేదు."
ఒక్క నొక్కు.
స్పీకర్లు దగ్గి, గొంతు సవరించుకుని
తప్పెటగుళ్లని సగంలోంచి అందుకున్నాయి.
కొత్తవలస పెళ్లిలో మా వియ్యపురాలి తమ్ముడు
రెండు మైకులు పెట్టి పట్టిన రికార్డు అది.
అటో వరస, ఇటో వరస,
గుండెల మీద తప్పెట్లు, కాళ్లకి గజ్జెలు.

వంటింట్లోంచి అప్పలకొండ "తగ్గించండి" అంది.
హెడ్‌ఫోను పెట్టుకున్నాను.
కుడిపక్క వరస గెంతుతోంది.
ఎడంపక్క వరస రాలేదు.

"ఇదీ పోయిందిరా."
వాడు తీగ మడత సవరించాడు,
పిన్ను చొక్కాకి తుడిచాడు,
ఎడం, కుడి గీతలు రెండూ సమానంగా జరిపాడు.
చివరికి, "తిప్పి పెట్టుకో మావా" అన్నాడు.
ఎల్ అని రాసింది కుడి చెవికి,
ఆర్ అని రాసింది ఎడం చెవికి.
తప్పు తీగదైతే
నిశ్శబ్దం ఇప్పుడు ఇటు రావాలి కదా.
రాలేదు.
ఉన్న చోటే ఉంది,
అద్దెకున్నవాడిలా కాదు, సొంతిల్లు గలవాడిలా.

తవిటేసు మౌసు వదిలేశాడు.

నెల్లిమర్ల జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లు.
నేను నిలబడే చోటికి కుడిపక్క గోనెల గుట్ట,
ఎడంపక్క నలభై మగ్గాలు.
నాడెలు అటూ ఇటూ కొట్టుకునే ఆ హోరులో
పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లం,
టీకి బొటనవేలు, బీడీకి రెండు వేళ్లు.
చెవిలో దూది పెట్టుకుంటే
మేస్త్రీ కేక వినబడదని తీసేసేవాళ్లం.
మిల్లు గేటుకి తాళం పడ్డ రోజు
ఎంత నిశ్శబ్దమో అనుకున్నాను.
అందులో సగం నాదేనని తెలీదు.

పెళ్లి ఫోటోలో అప్పలకొండ నా ఎడంపక్కనుంది.
తర్వాతెప్పుడో కుడికి మారింది.
బస్సులో కిటికీ కోసమనుకున్నాను.
మంచం మీద దోమల కోసమనుకున్నాను.
చంపావతి వంతెన మీద నడుస్తూ
లారీల పక్కకి తనే ఎందుకు వెళ్తుందోనని
ఓసారి కసిరాను కూడా.
పదేళ్లుగా ఒక్క మాట అనలేదు మనిషి,
చోటు మార్చుకుంది, అంతే.

తవిటేసు సెట్టింగుల్లో ఎక్కడో లోపలికి పోయి
ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాడు.
"మోనో అంటారు మావా.
రెండు పక్కలదీ ఒక్క పక్కకే తోసెత్తాది."

ముందు ఒక గజ్జె.
తర్వాత ఒక తప్పెట.
తర్వాత ఎడం వరస కుర్రాళ్లందరూ
ఒకరి వెనక ఒకరు నా కుడి చెవిలోకి వచ్చి
ఇరుకైనా సర్దుకుని నిలబడ్డారు.
ఎవరు ఎటువాళ్లో ఇక తెలీదు.
తెలియకపోతేనేం.

హెడ్‌ఫోను తీసి "ఎంతరా?" అన్నాను.
వాడు లేచాడు, కుర్చీ చుట్టూ తిరిగొచ్చాడు.
"స్పీకర్లకి అరవై ఇయ్యి. దీనికేటొద్దు" అన్నాడు,
నా కుడిపక్క నిలబడి.