తాళాల పుస్తకం

నిచ్చెనెక్కిన వెండెల్
చివరి అక్షరం నుంచి మొదలుపెట్టాడు.
ఇత్తడిది. స్క్రూలు తుప్పుపట్టి
తిరగమని మొరాయించాయి.
కింద నిచ్చెన పట్టుకున్నది నేనే.
ఈ చేతులతోనే ఏటా వేసవిలో
ఆ అక్షరాలకు నిమ్మచెక్క రుద్ది మెరుగు పెట్టేదాన్ని.

బొడ్రోగి. మా లిపిలో ఏడక్షరాలు.
టీసా ఒడ్డున మా చిన్న ఊరికి
కప్పు తెచ్చింది ఆయనే, స్విమ్మింగ్ పూల్ తెచ్చింది ఆయనే.
మంచులోనూ పొగలు కక్కే ఆ వేడినీళ్ళు కూడా
ఆయనే తెచ్చాడంటే నమ్మేవాళ్ళం,
అవి భూమి కడుపులో ఎప్పట్నుంచో ఉన్నవని మరిచి.
ఆయన పక్కన ఫొటో దిగడానికి
మేయరు పొట్ట లోపలికి పీల్చుకునేవాడు.

నా పేరు ఎతెల్కా. తాళాలు ఇచ్చేదాన్ని.
నంబరు చెక్కిన చెక్క బిళ్ళ, గీతలు కొట్టిన పుస్తకం:
ఎవరికి, ఎన్నింటికి, సంతకం.
పధ్నాలుగు, మసాజ్ గది.
సాయంత్రం ఏడు దాటాక వచ్చి
"ఎతెల్కా, పధ్నాలుగు" అనేవాడు,
లాంగోష్ అంగట్లో వెల్లుల్లి కాస్త ఎక్కువ వెయ్యమన్నంత మామూలుగా.
వెనకాల వాటర్ పోలో జట్టు అమ్మాయి ఎవరో ఒకరు,
ఇరవై రెండేళ్ళది, ఇరవై నాలుగేళ్ళది.
బంతి విసిరితే వల అదిరే భుజాలు
ఆ వసారాలో మాత్రం
పిండని తువ్వాళ్ళలా వేలాడేవి.

ఆయన సంతకం పెద్దది. చివర తోక.
గీత దాటి పక్కవాళ్ళ గడిలోకి దూరేది.

బొరోకా గోల్‌కీపరు.
ఓ రాత్రి నా బల్ల ముందు ఆగింది.
జెర్సీ తిరగేసి తొడుక్కుంది, కుట్లు బయటికి.
నోరు తెరిచింది.
"జుట్టు ఆరబెట్టుకో, జలుబు చేస్తుంది" అన్నాను.
అంతే.
చేపముల్లయితే రొట్టెముద్ద మింగితే దిగిపోతుంది.
ఈ మాట తొమ్మిదేళ్ళుగా దిగలేదు.

తెలియదని చెప్పను.
తెలిసీ తెలియనట్టుండటం కూడా ఒక ఉద్యోగమే.
దానికి వేరే జీతం ఇవ్వరు,
ఉన్న జీతం పోకుండా చూస్తారు.
మా ఆయన గుండె ఆపరేషన్‌కి
ఆస్పత్రిలో మంచం
బొడ్రోగి గారి ఒక్క ఫోనుతో దొరికింది.
ఆయన ఉప్పు తిన్నాను.
ఆ ఉప్పు ఎవరి కంట్లోంచి కారిందో
అడగలేదు.

బుడాపెస్ట్‌లో విచారణ.
ముగ్గురు పెద్దలు, ఒక నీళ్ళ జాడీ.
ఎమెకె చెప్పింది. షారోల్తా సగం చెప్పి బయటికెళ్ళి మళ్ళీ వచ్చి చెప్పింది.
బొరోకా కుర్చీ వద్దంది, నిలబడే చెప్పింది.
"ఎప్పటి ముచ్చట్లో ఇవి, గాలి మాటలు,"
అన్నాడు ఆయన లాయరు.
సంచిలోంచి పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాను.
పదకొండు. గదంతా క్లోరిన్ వాసన.
తేదీ, సమయం, పధ్నాలుగు,
పక్క గడిలోకి దూరిన ఆ తోక.
అంతా స్వహస్తాలతో ఆయన రాసుకున్నదే,
నేను గీతలు కొట్టానంతే.

"ఇన్నాళ్ళూ ఎందుకు తేలేదు?"
"ఎవరూ అడగలేదు."
బొరోకా తల తిప్పి చూసింది.
"అది అబద్ధం," అన్నాను. "ఇదీ రాసుకోండి."

మధ్యాహ్నానికి మొదటి అక్షరం కూడా ఊడింది.
ఎండ తగలని చోట రంగు వెలవలేదు,
పేరు మునుపటికన్నా బాగా కనిపిస్తోంది.
సున్నం కొట్టనా అన్నాడు వెండెల్.
మునిసిపాలిటీ డబ్బిచ్చాక చూద్దామన్నాను.
ఏడక్షరాలూ బిస్కెట్ డబ్బాలో వేసి
పోయిన వస్తువుల అల్మారాలో పెట్టాను.
ఎవరైనా వచ్చి మావంటే ఇస్తాను,
సంతకం పెట్టించుకుని.

నాలుగింటికి బొరోకా వచ్చింది, భుజాన తువ్వాలు.
పలకరింపు లేదు. క్షమించానని లేదు.
"ఇరవై ఒకటి," అంది.
కొత్త పుస్తకం ఆమె వైపు తిప్పాను.
సగం పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.
ఆమె అలాగే నిలబడి ఉంది.
నేను ఇంకో పెన్ను కోసం
సొరుగులన్నీ లాగుతున్నాను.